నూట ఎనభై సెకన్లు

3, సోమవారం

నాలుగూ పదికి కొండ బాబాయ్ ఇంటి రూటరు లేచింది.

స్క్రీను మీద ఆ పేరు ఇరవై నాలుగు రోజులుగా ఎర్రగా ఉంది. ఇవాళ పచ్చగా మారింది. ఇరవై మూడు నిమిషాలుండి మళ్ళీ పోయింది. పోయినప్పుడు బల్ల మీద గంట మోగితే టీ అంతా ఒళ్ళో ఒలకబోసుకున్నాను.

రిజిస్టర్లో రాశాను: "నైబర్ సెషన్ అప్ 4.10, డౌన్ 4.33, కారణం హోల్డ్ టైమ్ ముగియడం." చనిపోయిన మనిషి ఇంట్లో రూటరు పెట్టె ఎవరు వేశారో రాయడానికి రిజిస్టర్లో గడి లేదు. అందుకే ఈ పుస్తకం తీశాను. షిఫ్టు లెక్కలకని కొని సొరుగులో పడేసింది. దీన్నెవరూ చూడరు.

కరెంటు పోయి వచ్చి ఉంటుంది. అంతే.

4, మంగళవారం

నాలుగూ పది, అప్. నాలుగూ ముప్ఫై మూడు, డౌన్.

5, బుధవారం

మళ్ళీ అంతే. కరెంటు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆ వీధిలో వారం రోజులుగా కరెంటు పోలేదట. "మీకెందుకండీ, మీ ఇల్లు అక్కడ కాదుగా?" అని అడిగాడు అవతలివాడు. ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, బస్సు తాళాలు మేకుకి తగిలించి, "ఏంటలా ఉన్నావ్?" అన్నాడు. పన్నెండేళ్ళలో నా పని గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఇవాళ చెప్పాను. రెండు రూటర్లు పక్కపక్క ఇళ్ళవాళ్ళలా ఉంటాయి, అందుకే వాటిని నైబర్లంటాం. "ఉన్నాను", "నేనూ ఉన్నాను" అని ఒకదానికొకటి చెప్పుకుంటూ ఉంటాయి. ఒకటి పలక్కపోతే రెండోది కొంచెంసేపు చూస్తుంది. ఆ చూసే గడువే హోల్డ్ టైమ్. గడువు దాటితే అది పోయిందని ఒప్పుకుని, ఫోన్లనీ మాటలనీ వేరే దారిలో పంపడం మొదలుపెడుతుంది.

"మరి గడువు దాటేలోపల పంపిన మాటలో?"

"పోతాయి."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు" అని లేచి వంటింట్లోకి వెళ్ళాను. వంటింట్లో పనేమీ లేదు. గిన్నెలు కడిగినవే మళ్ళీ కడిగాను.

6, గురువారం

పని పనిలా చెయ్యాలని కూర్చున్నాను. ఎవరైనా ఇంకో పెట్టెకి అదే అడ్రసు పెట్టి ఉండవచ్చు. పెట్టలేదు. పోనీ పెట్టె మార్చి ఉండవచ్చు. దాని నంబరు చూశాను, బాబాయ్‌కి ఆఫీసు ఇచ్చిన పాత పెట్టే. పాస్‌వర్డు సరిపోతేనే గానీ సెషన్ లేవదు. అది పెట్టింది మేమిద్దరమే, మూడేళ్ళ కిందట, నవ్వుకుంటూ. నువ్వు లేచి ఎంతసేపైందని ఆ పెట్టెనే అడిగాను. "పదకొండు నిమిషాలు" అంది. 'ఉన్నావా' అని పింగ్ చేస్తే వెంటనే పలికింది.

అంటే నాలుగింటికి ఎవరో స్విచ్చు వేస్తున్నారు. ముసలి పెట్టె కదా, తెమిలి లేవడానికి పది నిమిషాలు పడుతుంది. నాలుగున్నరకి ఆపేస్తున్నారు. ఆపేసిన మూడు నిమిషాల దాకా మా రూటరు అది బతికే ఉందనుకుంటుంది. అందుకే నాలుగూ ముప్ఫై మూడు.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఎక్కడా లేదు. 

నాలుగూ పది బాబాయ్ టైము. కొండ మీది మా రిలే గది ఆయనే చూసేవాడు. కొండ ఎక్కినవాడు క్షేమంగా దిగి ఇల్లు చేరాక ఆఫీసుకి ఫోన్ చెయ్యాలని మాకో రూలు. 'దిగిన కబురు' అంటాం. రోజూ సరిగ్గా నాలుగూ పదికి ఆ పెట్టెకి తగిలించిన ఫోన్లోంచే చేసేవాడు. "అమ్మాయ్, దిగొచ్చేశా. నీ లెక్కలో ఒక మనిషి తగ్గలేదు, రాసుకో" అనేవాడు. పదకొండేళ్ళు రాసుకున్నాను.

7, శుక్రవారం

ఇంట్లో ఉంటే పిన్నే ఉండాలి. బాబాయ్ భార్య. పిల్లలు లేరు. ఆ నంబరుకి ఫోన్ చేస్తే తేలిపోతుంది. నిమిషం పని.

రేపు చేస్తాను.

10, సోమవారం

మేనేజరు పిలిచాడు. విచారణ రిపోర్టు ఈ నెలాఖరుకి పైకి పంపాలట. ప్రమాదం జరిగినప్పుడు కొండ సెషన్ హోల్డ్ టైమ్ నూట ఎనభై సెకన్లుంది. ఉండవలసింది పదిహేను. మార్పు పోయిన నెల రెండో తారీకున కొండ మీదనుంచే, బాబాయ్ లాగిన్‌తోనే జరిగింది. "ఎందుకు మార్చాడో నీకేమైనా తెలుసా?" అన్నాడు.

తెలీదన్నాను.

తెలీదనే చెప్పాలి. ఆ కీబోర్డు నేను ముట్టుకోలేదు.

11, మంగళవారం

ముట్టుకోలేదు.

12, బుధవారం

ఆ రోజు సంగతి ఒకసారి వరసగా రాసి పెట్టుకుంటే తల దిగుతుందేమో.

కొండ మీద రిలే గది. అక్కడినుంచి ఆఫీసుకి రెండు దారులు. ఒకటి తీగ, రెండోది రేడియో. తీగ బాగున్నంతసేపూ ఫోన్లన్నీ తీగలో పోతాయి. తీగ పోతే రేడియోలో పోతాయి. తీగ అతుకు గది బయట గోడకి, నిచ్చెన ఎత్తులో, ఒక డబ్బాలో ఉంది. ఆ అతుకు చెడిపోయి నాలుగు నెలలైంది. కొత్త తీగ వేస్తామన్నారు, వెయ్యలేదు.

పోయిన నెల తొమ్మిదిన, మధ్యాహ్నం ఒంటి గంటా నలభైకి, బాబాయ్ నిచ్చెన ఎక్కి ఆ అతుకు సరిచేస్తూ పడ్డాడు. పడుతూ పడుతూ తీగ పట్టుకున్నాడు. తీగ తెగింది. కొండ మీద సెల్లు పలకదు. తలుపు పక్కనే గోడకి ఫోనుంది. ఆరడుగుల దూరం. అంత దెబ్బతోనూ ఆ ఆరడుగులూ పాక్కుంటూ వెళ్ళాడు. ఫోన్ చేశాడు. ఫోను పెట్టెలో లెక్కుంది: ఒంటి గంటా నలభై ఒకటికి, అదే నిమిషంలో ఇంకోసారి, నలభై రెండుకి మరోసారి. మూడూ నా బల్లకే.

నా ఫోను మోగలేదు. తీగ తెగినా దానికీ రూటరుకీ మధ్య ఇంకో డబ్బా ఉంది కాబట్టి రూటరు దీపం ఆరలేదు. నైబర్ పలకడం మానేసింది, రూటరు మాత్రం గడువు దాకా చూస్తూ కూర్చుంది. నలభై మూడున్నరకి పోయిందని ఒప్పుకుని రేడియో దారి తెరిచింది. అప్పుడు చేస్తే మోగేది. అప్పటికి ఆయన చెయ్యడం మానేశాడు.

నలభై మూడున్నరకి గంట మోగింది. రిజిస్టర్లో "కొండ తీగ డౌన్" అని రాసి, భోజనం డబ్బా మూత తీశాను. నాలుగూ పదికి దిగిన కబురు రాలేదు. మర్చిపోయాడనుకున్నాను. పదకొండేళ్ళలో ఒక్కసారీ మర్చిపోని మనిషి మర్చిపోయాడని ఎలా అనుకున్నానో నాకే తెలీదు. ఐదున్నరకి మనిషిని పంపాం. ఏడింటికి చూశారు.

పడ్డాక రెండు గంటలు బతికి ఉంటాడని డాక్టరు అన్నాడు.

తీగ పాతది. నిచ్చెన పాతది. వాన పడి జారుడుగా ఉంది. ఒంటరిగా ఎక్కవద్దని ఎన్నిసార్లు చెప్పాం.

13, గురువారం

నాలుగూ ఐదుకే లేచి మంచినీళ్ళ గది దగ్గరకి వెళ్ళి నిలబడ్డాను. అరగంట నిలబడితే చూడక్కరలేదు కదా. లెక్కల గదావిడ వచ్చి, "ఏంటమ్మా, నీళ్ళు తాగుతున్నావా, కాపలా కాస్తున్నావా?" అంది.

నవ్వాను. అక్కడిదాకా గంట వినిపించింది.

14, శుక్రవారం

పిన్ని ఆఫీసుకి వచ్చింది.

బాబాయ్ గుర్తింపు కార్డు, రిలే గది తాళం తిరిగి ఇవ్వడానికి. నన్ను చూసి తలూపింది. చిక్కిపోయింది. మేనేజరు కుర్చీ వేసి, సానుభూతి మాటలు నాలుగు చెప్పి, రిపోర్టు ముసాయిదా చదివి వినిపించాడు. కుటుంబానికి వినిపించి సంతకం తీసుకోవడం పద్ధతట. "నిబంధనలకు విరుద్ధంగా హోల్డ్ టైమును పదిహేను సెకన్ల నుంచి నూట ఎనభై సెకన్లకు పెంచినది మృతుడే. సహాయం కోరిన కాల్సు చేరకపోవడానికి అదే కారణం."

పిన్నికి అందులో సగం మాటలు కొత్తవి. చివరి మాట మాత్రం అర్థమైంది.

"అంటే ఆయన చావుకి ఆయనే కారణమనా?"

"అలా కాదమ్మా, సాంకేతికంగా..." అని మేనేజరు నసిగాడు.

పిన్ని ఆయన్ని వదిలేసి నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ముప్ఫై ఏళ్ళు చేసిన పనిలో ఆయన తప్పు చేశాడా?"

నా నోటినుంచి వచ్చిన మాట: "రిపోర్టులో అలా ఉంది పిన్నీ."

 తర్వాత సంచి సర్దుకుని లేచింది. సంతకం చెయ్యలేదు. ఇరవై ఎనిమిది దాకా టైముందని మేనేజరు అన్నాడు. పిన్ని గుమ్మం దాకా వెళ్ళి, "మొన్న ఒకటో తారీకున ఆయన సంచి మీరే పంపారు కదూ?" అని మేనేజరుని అడిగింది. అవునన్నాడు. "అందింది" అని వెళ్ళిపోయింది.

ఇవాళ కూడా నాలుగూ పదికి అప్. బస్సు పట్టుకుని ఇల్లు చేరి స్విచ్చు వేసిందన్నమాట.

17, సోమవారం

శని, ఆదివారాలు పడుకున్నాను. తలనొప్పి అని చెప్పాను. తలనొప్పి లేదు.

రాసేస్తాను. ఇందులో రాస్తే ఎవరికీ చెప్పినట్టు కాదు.

అతుకు చెడ్డప్పటినుంచి తీగ పావు నిమిషం పోయి వస్తుంది, అర నిమిషం పోయి వస్తుంది. పదిహేను సెకన్ల గడువుకి అది చాలు. సెషన్ పడుతుంది, గంట మోగుతుంది, నేను రిజిస్టర్లో రాయాలి. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ రాయాలి. రోజుకి ముప్ఫైసార్లు. ఆ గంట బల్లకి బిగించి ఉంది, మూట కట్టి పడెయ్యడానికి కూడా లేదు. ఇంటికెళ్ళినా చెవుల్లో మోగేది. కుక్కర్ కూత వేస్తే రిజిస్టరు కోసం వెతుక్కున్నాను ఒకరోజు.

రెండు వైపులా ఉన్న గడువుల్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. మా వైపు ఎప్పుడూ నూట ఎనభయ్యే. పదిహేను పెట్టింది కొండ వైపు బాబాయ్. ఆయన తన వైపు తీసేస్తే చాలు, గంట నోరు మూతపడుతుంది. కొండ మీది పెట్టెలో మార్పు కొండ మీద నిలబడ్డవాడే చెయ్యాలని రూలు. వెనకెప్పుడో ఎవరో కిందనుంచి మార్చబోయి, కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు దారి తెంపుకున్నాడట. కాబట్టి నేను ముట్టుకోలేదు. అది నిజమే.

పోయిన నెల రెండో తారీకున, పదకొండున్నరకి ఫోన్ చేశాను.

"బాబాయ్, నూట ఎనభై వేసెయ్. చెవులు చిల్లులు పడుతున్నాయి."

"గంట మోగనీ అమ్మాయ్. మోగితేనే కదా పైవాళ్ళకి తీగ గుర్తొచ్చేది. నోరు నొక్కేస్తే రోగం తగ్గిందనుకుంటారు."

"వాళ్ళకి వినిపించదు బాబాయ్, నాకే వినిపిస్తుంది. పొద్దున్నుంచి పదిహేడు. నువ్వొచ్చి ఒక్కరోజు ఈ కుర్చీలో కూర్చో, తెలుస్తుంది."

"మధ్యలో నిజంగానే తెగిందనుకో. మూడు నిమిషాలు ఇక్కడ గుడ్డీ చెవుడూ."

"మూడు నిమిషాల్లో కొండేం కూలిపోదులే!"

ఆ మాట నేనే అన్నాను. గట్టిగా అన్నాను. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత కీబోర్డు టకటకలాడింది. "వేశాను. నువ్వు చెప్పావు కాబట్టి వేశాను" అన్నాడు. "నా బంగారు బాబాయ్" అన్నాను.

గంట ఆగింది. ఆ వారం ఎంత హాయిగా ఉందో. రిజిస్టర్లో మచ్చ లేదు. ఎనిమిదో తారీకున మేనేజరు రిజిస్టరు తిరగేసి, "కొండ తీగ దారిలో పడినట్టుందే" అని కొత్త తీగ పని వెనక్కి నెట్టాడు. ఆ సంగతి నేనే బాబాయ్‌కి చెప్పాను. "అయితే రేపు నేనే చూసుకుంటాలే" అన్నాడు.

రేపంటే తొమ్మిది.

18, మంగళవారం

అప్. డౌన్.

నిన్న రాసింది చదవలేదు. ఆ పేజీ మీద క్లిప్పు పెట్టాను.

19, బుధవారం

మా ఆయన్ని అడిగాను. బాబాయ్ ఊసెత్తకుండా, బస్సు పేరు చెప్పి అడిగాను. "కండక్టరు విజిల్ వేశాడు. నువ్వు బండి కదిపావు. ఎవరో పడ్డారు. తప్పెవరిది?"

అన్నం కలుపుతున్నవాడు ఆగాడు. "అద్దంలో చూసుకోనందుకు నాది. చూడకుండా విజిల్ వేసినందుకు వాడిది. ఇద్దరం మోస్తాం."

"కండక్టరు నేను విజిల్ వెయ్యలేదంటే?"

"వినపడని వాళ్ళకి చెప్పుకోవచ్చు." కాసేపు తిన్నాడు. "నేనైతే ఇక వాడితో డ్యూటీ చెయ్యను. పడినవాడి కోసం కాదు. రేపు వాడు విజిల్ వేస్తే నమ్మాలా వద్దా నాకు తెలీదు కదా."

తర్వాత, తల ఎత్తకుండానే, "కొండాయన సంగతేనా?" అన్నాడు.

కాదన్నాను. పన్నెండేళ్ళలో ఆయన నన్ను అలా చూడటం మొదటిసారి. కంచం తీసుకెళ్ళి తనే కడుక్కున్నాడు.

20, గురువారం

కొండ మీదికి కొత్తాయన వచ్చి వారమైంది. నెమ్మదస్థుడు, నలభై దాటినవాడు. ఇవాళ పైనుంచి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఈ తీగ సెషనుకి నూట ఎనభై ఏంటండీ? తెగిన తీగని అలాగే ముడేసి వదిలేశారు. ఇది మళ్ళీ తెగితే ఇక్కడ నేను మూడు నిమిషాలు మూగవాణ్ణే కదా?"

"విచారణ అయ్యేదాకా ఏదీ ముట్టుకోవద్దన్నారు."

"విచారణకి ఏముంది, వెనకటాయన పెట్టుకున్నాడటగా. ఏం మనిషండీ. ఇంత తెలియకుండా ముప్ఫై ఏళ్ళు ఎలా నెట్టుకొచ్చాడో."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. "జాగ్రత్తండీ" అన్నాను. "నిచ్చెన ఎక్కకండి" అన్నాను. ఇంకేదో అన్నాను. ఆ మనిషి అలా అనకూడదని మాత్రం అనలేదు.

21, శుక్రవారం

కొత్తాయన దిగిన కబురు నాలుగూ ఇరవై ఐదుకి వచ్చింది. అప్పటిదాకా ఫోను మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

పక్కన ఆ పేరు పచ్చగానే ఉంది.

24, సోమవారం

మేనేజరు నా వెనక నిలబడి స్క్రీను చూశాడు. "ఇదింకా ఎందుకుంది? పోయినాయన ఇంటి లైను. తీసెయ్. రోజూ లేస్తోందంటున్నావు, ఎవరు వాడుతున్నారు?"

"కనుక్కుంటాను."

"పదిహేను రోజులుగా కనుక్కుంటూనే ఉన్నావు. ఒక్క ఫోన్ చెయ్యలేవా? రేపు కనుక్కుని తీసేసి చెప్పు. శుక్రవారం రిపోర్టు వెళ్ళిపోవాలి, ఆవిడ సంతకం పెట్టినా పెట్టకపోయినా."

సరేనన్నాను. నాలుగూ పదికి కుర్చీలోంచి లేవలేదు. ఎర్ర రంగు పచ్చగా మారడం మొదటిసారి కళ్ళారా చూశాను. ఇరవై మూడు నిమిషాలూ చూశాను. అవతలినుంచి "ఉన్నాను" అని వచ్చినప్పుడల్లా ఒక లెక్క పెరుగుతుంది. నేను కూడా మెల్లగా "ఉన్నాను" అన్నాను. పిచ్చి పట్టలేదు కదా నాకు.

25, మంగళవారం

ఫోన్ చేశాను.

నాలుగూ పన్నెండుకి. ఒక్క రింగుకే ఎత్తింది. ఏమీ మాట్లాడలేదు.

"పిన్నీ, నేను."

"చెప్పమ్మా."

ఆ 'చెప్పమ్మా' అన్న తీరుకి అనుకున్న మాటలన్నీ మర్చిపోయాను. ఎదురుగా కూర్చుని కొంగు సర్దుకుని అన్నట్టు అంది. నేనేమో, ఒంట్లో ఎలా ఉంది పిన్నీ అన్నాను, బాగా చిక్కిపోయారన్నాను. ఈ లైను ఇంకా నడుస్తోందన్నాను. లైను తీసెయ్యమంటున్నారు, పెట్టె ఆఫీసుకి వెనక్కి ఇచ్చెయ్యాలి, నేనే మనిషిని పంపిస్తాను, మీరు మొయ్యక్కరలేదు అన్నాను. అటునుంచి ఊఁ కూడా లేదు. ఆ మౌనానికి భయమేసి కళ్ళు మూసుకుని చెప్పేశాను. రెండో తారీకు ఫోన్ సంగతి. గంట సంగతి. బాబాయ్ వద్దన్నాడని, నేను వినలేదని, కొండేం కూలిపోదులే అన్నానని. మీరు అడిగిన రోజు అబద్ధమాడానని. ఆయన తప్పు చెయ్యలేదు పిన్నీ, నేను చేయించాను అని. ఏడుస్తూ చెప్పాను. ముందుదాన్ని వెనక, వెనకదాన్ని ముందు చెప్పాను. అంతా చెప్పి, "పిన్నీ?" అన్నాను. "ఒక్క మాట అనండి పిన్నీ" అన్నాను.

గంట మోగింది.

కళ్ళు తెరిచాను. నాలుగూ పంతొమ్మిది. ఆ పేరు ఎర్రగా ఉంది. కారణం, హోల్డ్ టైమ్ ముగియడం.

అంటే మూడు నిమిషాల కిందటే అవతల ఎవరూ లేరు. పెట్టె ఆపేశారు. నా రూటరుకి తెలీదు. నా చేతిలో ఫోనుకి తెలీదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఏ మాట దగ్గర పోయిందో, ఆవిడ ఎంతవరకు విన్నదో, అసలు విన్నదో లేదో చెప్పే లెక్క ఏ రూటర్లోనూ లేదు.

మూడు నిమిషాలంటే ఇంతసేపా. ఇంతసేపు మాట్లాడవచ్చా. నేను దెబ్బలేమీ తగలకుండా కుర్చీలో కూర్చుని ఫాను కింద మాట్లాడాను. ఆయన నేల మీద ఉన్నాడు. మూడుసార్లు నన్ను పిలిచాడు.

26, బుధవారం

సెలవు పెట్టి పిన్ని ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు. మెట్ల మలుపులో బాబాయ్ సైకిలు గోడకి ఆనించి ఉంది, సీటుకి ప్లాస్టిక్ కవరు తొడిగి. ఎక్కేటప్పుడు ఎందుకో దాన్ని ముట్టుకున్నాను.

తలుపు తీసి "రా" అంది. కూర్చోమనలేదు. కిటికీ పక్క బల్ల మీద ఫోను. ఫ్రిజ్ మీద పెట్టె. ప్లగ్గు తీసి ఉంది.

నిలబడే చెప్పాను. ఈసారి వరసగా చెప్పాను. ఏ తారీకున, ఎన్నింటికి, నేనేమన్నాను, ఆయనేమన్నాడు. ఆవిడ మొహం చూస్తూ చెప్పాను. ఆవిడ కనురెప్ప వేసిందంటే నాకు తెలిసింది. 

"నిన్న ఇదేనా చెప్పింది?"

"చెప్పాను పిన్నీ. మీరు ఎంతవరకు..."

"పెట్టె వెనక్కివ్వాలి, మనిషిని పంపిస్తా అన్నావు. అంతవరకే విన్నా. ఇదీ ఆఫీసు ఫోనేలే అని ప్లగ్గు పీకేశా."

ఫ్రిజ్ మీది పెట్టె వైపు చూశాను.

"నాలుగింటికి రోజూ స్విచ్చెందుకు వేస్తున్నాననుకున్నావు? ఆయన ఫోన్ చేస్తాడనా? నాకేం పిచ్చి పట్టలేదమ్మా. పోయినవాళ్ళు ఫోన్లు చెయ్యరు." లోపలికి వెళ్ళి ఒక చిన్న నోటుబుక్కు తెచ్చింది. బాబాయ్ జేబులో పెట్టుకు తిరిగేది. సంచిలో వచ్చిందట. ఒకటో తారీకున. "చదువు. ఇక్కడ. గట్టిగా చదువు."

చదివాను. "2వ తేదీ, 11.40. హోల్డ్ 15 తీసి 180 వేశాను. అమ్మాయి చెప్పింది. నాకిష్టం లేదు. గంట మోతకి పాపం పిల్ల తల పగిలిపోతోంది. కొత్త తీగ రాగానే మళ్ళీ 15 వెయ్యాలి. మర్చిపోకూడదు."

'పాపం పిల్ల' దగ్గర ఆగాను. పిన్ని ఆగనివ్వలేదు. "మర్చిపోకూడదు దాకా చదువు" అంది.

"పిన్నీ, ఆ రోజు ఆఫీసులో ఇది మేనేజరుకి చూపించొచ్చు కదా. అన్నీ తేలిపోయేవి."

"చూపిస్తే ఆయన చెప్పినట్టు. నువ్వు చెప్పినట్టు కాదు." కుర్చీ లాక్కుని తను కూర్చుంది.  "నీ పేరు వినని రోజు లేదు ఈ ఇంట్లో. అమ్మాయి ఇలా అంది, అమ్మాయి అలా నవ్వించింది. ఆ పిల్లే చెబుతుందిలే అనుకున్నా. నాలుగు గంటలకి ఫోను దగ్గర నువ్వుంటావని నాకు తెలుసు. ఇక్కడ నేనున్నానని నీకు తెలియాలి కదా. అందుకే వేశా. ఆదివారాలు కూడా వేశా. ఎదురుగా నిలబెట్టి అడిగినా చెప్పలేదు నువ్వు. అయినా ఆ రోజు కూడా బస్సెక్కి పరిగెత్తుకొచ్చి వేశా."

క్షమించమని అడగలేదు. ఆవిడా ఆ మాట తేలేదు. నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "తీసుకెళ్ళి నువ్వే ఇయ్యి. పని అయ్యాక నాకు తెచ్చివ్వు. ఆయన చేతిరాత అదొక్కటే మిగిలింది" అంది. గుమ్మం దాటాక వెనకనుంచి, "రేపట్నుంచి స్విచ్చు వెయ్యను" అంది.

మెట్లన్నీ దిగేదాకా తలుపు వేసిన చప్పుడు వినిపించలేదు.

27, గురువారం

మేనేజరు నోటుబుక్కు రెండుసార్లు చదివాడు.

"ఇప్పుడా చెప్పేది? రిపోర్టు టైపైపోయింది."

"మళ్ళీ టైపు చేయించండి. మార్పు చేయించింది నేనని రాయండి. తీగ పని వెనక్కి నెట్టింది మీరని కూడా రాయండి."

ఎర్రబడ్డాడు. తర్వాత కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. సోమవారం నుంచి నన్ను ఆ కుర్చీలో కూర్చోనివ్వనన్నాడు. నా మీద వేరే విచారణ. ఏమవుతుందో తెలీదు. మా ఆయనకి నిన్న సాయంత్రమే అంతా చెప్పాను. విని, "ఇవాళ అన్నం నేను పెడతాలే" అన్నాడు.

పదకొండున్నరకి కొండకి ఫోన్ చేశాను. "గడువు పదిహేను వెయ్యండి" అన్నాను.

"విచారణ అన్నారు కదండీ?"

"అయిపోయింది. ఒక మాట. మీ వెనకటాయన పదిహేనే పెట్టుకున్నాడు. వద్దంటున్నా నూట ఎనభై వేయించింది నేను."

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. అచ్చం అలాగే. తర్వాత కీబోర్డు టకటకలాడింది.

రిజిస్టర్లో రాశాను: "11.34. కొండ తీగ హోల్డ్ టైమ్ 180 నుంచి 15. నేను చెప్పాను. ఆయన వేశాడు." కింద నా పేరు, సంతకం.

పదకొండూ నలభై ఒకటికి గంట మోగింది.

28, శుక్రవారం

పొద్దున్నుంచి ఇరవై ఆరుసార్లు. మేనేజరు తన గది తలుపు మూసుకున్నాడు. మూడుసార్లు తీసి చూశాడు. మధ్యాహ్నం కొత్త తీగ కోసం తనే పైకి ఫోన్ చెయ్యడం గోడవతలినుంచి వినిపించింది. "వినపడుతోందా? అదే గంట!" అని అరుస్తున్నాడు.

పిన్ని వచ్చి కొత్త రిపోర్టు తనే చదువుకుని సంతకం పెట్టింది. నా బల్ల పక్కనుంచే వెళ్ళింది. నోటుబుక్కు ఇచ్చాను. సంచిలో వేసుకుంది. అంతే.

నాలుగూ పదికి ఆ పేరు ఎర్రగానే ఉంది. తీసెయ్యమన్నారు కదా, తీసెయ్యాలి. మూడు నిమిషాలు ఆగాను. ఇంకో మూడు ఆగాను. నాలుగూ పదహారుకి తీసేశాను.

నాలుగూ ఇరవై రెండుకి ఫోను మోగింది. కొత్తాయన. "దిగొచ్చేశానండీ" అన్నాడు.

రాసుకున్నాను.